సంతకం సంగతి తర్వాత, ముందు అమ్మని అడగండి

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరూ, పేట పేరూ వేయవద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆవిడకి యాభై రెండేళ్లు, ప్రభుత్వ పాఠశాలలో టీచరు. పుట్టింటికి నాలుగు వీధుల అవతల సొంత ఫ్లాట్లో భర్తతోనూ, ఇంజనీరింగ్ చదువుతున్న కూతురితోనూ ఉంటున్నారు. పుట్టిల్లు తాతగారు కట్టించిన మండువా ఇల్లు, అంటే నడిమధ్య పైకప్పు లేని వాకిలి ఉన్న ఇల్లు. 560 గజాల స్థలం, వీధి వైపు రెండు అరుగులు, లోపల సావిడి, మండువా చుట్టూ ఎనిమిది టేకు స్తంభాలు, వెనక పెరడు, నుయ్యి. తాతగారు కలప అడితిలో గుమాస్తాగా చేస్తూ, రంగం (బర్మా) నుంచి ఓడల్లో వచ్చిన టేకుని ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కూడబెట్టి ఆ ఇల్లు లేపారట. వీలునామా రాసి కొడుకు పేర, అంటే ఈవిడ తండ్రి పేర పెట్టారు. తండ్రి 2021లో కరోనా రెండో విడతలో పోయారు. ఆయన మాత్రం వీలునామా రాయలేదు. అన్నయ్య హైదరాబాదులో, తమ్ముడు డాలస్‌లో. అమ్మగారికి డెబ్బై ఎనిమిది. ఆ ఇంట్లో ఆవిడ ఒక్కరే ఉంటారు. పగలు పనిమనిషి, రాత్రి తోడుకి కూతురో మనవరాలో.

ఇక ఉత్తరం రాసినావిడ మాటల్లోనే: "మా వీధిలో ఒకప్పుడు అన్నీ పెంకుటిళ్లే. ఇప్పుడు మాదీ, ఎదురింటివాళ్లదీ మిగిలాయి. పోయినేడు మా పక్కిల్లు కొట్టేశారు. అన్నీ పడగొట్టాక వంటింటి గోడ ఒక్కటి మిగిలింది. దాని మీద పొయ్యి మసి, కవ్వం తాడు కట్టిన మేకు, పాలావిడ లెక్కకి పెట్టిన సున్నపు చుక్కలు. వీధిన పోయేవాళ్లందరూ చూస్తూ పోతున్నారు. ఆ ఇంటి మామ్మగారు బతికుంటే ఆ గోడని ఎవరి కంటా పడనిచ్చేది కాదు. నేను చూడలేక లోపలికి వచ్చేశాను. ఇప్పుడు మా ఇంటికి బిల్డరు వచ్చాడు. నాలుగు అంతస్తులు, ఎనిమిది ఫ్లాట్లు, చెరి సగం. అమ్మకీ మా ముగ్గురికీ తలా ఒకటి. అన్నయ్య, తమ్ముడు ఫోన్లోనే సరే అనేసుకున్నారు. నేను ఒప్పుకోలేదు. 'నీకు సెంటిమెంటు, మాకు రిపేర్లు' అన్నాడు అన్నయ్య. నిరుడు పెంకు తిరగేయించి, పుచ్చిపోయిన వాసాలు మార్పించడానికి రెండు లక్షల పైన వాళ్లిద్దరే పెట్టుకున్నారు, అది నిజమే. ఆడపడుచు వాటా పెంచుకోడానికే ఈ నాటకమని వదిన ఎవరితోనో అందట. తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. అమ్మని అడిగితే 'మీ ముగ్గురి ఇష్టం' అంటుంది. 1986 ఆగస్టు వరదలకి లంకల్లోంచి మా మేనత్తావాళ్లు ఇరవై మంది వచ్చి ఈ సావిట్లోనే ఉన్నారు. పుష్కరాలు వస్తే అరుగుల మీద కూడా మనుషులు పడుకునేవారు. అవన్నీ ఏమైపోవాలి? సంతకం పెట్టనని మొండికేస్తే తప్పా? పెడితే నాన్నకి ద్రోహం చేసినట్టా? నిద్ర పట్టడం లేదు."

అమ్మా, మీ ప్రశ్నలు రెండింటికీ ముందే చెప్పేస్తాను. సంతకం పెట్టకపోవడం తప్పు కాదు. పెట్టడం ద్రోహమూ కాదు. వీలునామా రాయకుండా పోయిన మీ నాన్నగారు ఆ ఇంటి విషయంలో ఏ కోరికా మీ మీద పెట్టి వెళ్లలేదు. ఆయన పేరున మీకు మీరే వేసుకుంటున్న బరువిది.

మీ దుఃఖాన్ని సెంటిమెంటు అని కొట్టిపారేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. గోదావరి జిల్లాల్లో అలాంటి ఇల్లు ఒకటి పడిపోతే పోయేది ఒక కుటుంబం జ్ఞాపకాలు మాత్రమే కాదు. మన కోస్తా వాళ్లు కూలికీ, వ్యాపారానికీ కాకినాడ రేవులో ఓడెక్కి రంగం వెళ్లిన కాలమంతా ఆ స్తంభాల్లో ఉంది. కాలవ గట్ల వెంబడి ఊళ్లు కలిగినవైన రోజులు ఆ సావిళ్ల వెడల్పులో ఉన్నాయి. నాలుగు చూరుల నీళ్లూ మండువాలోకి దిగి, తూములోంచి బయటికి పోయేలా అమర్చిన తాపీ మేస్త్రీలు, వడ్రంగులు తమ లెక్కలు కాగితం మీద పెట్టి పోలేదు. ఆ ఇల్లే వాళ్ల కాగితం. మీ ఊళ్లో వీరేశలింగం పంతులుగారు పుట్టిన ఇంటిని ప్రభుత్వం కాపాడుతోంది, సంతోషమే. గుమాస్తాలు, ప్లీడరుగారి దగ్గర చేసిన రాతగాళ్లు, బడిపంతుళ్లు కట్టుకున్న ఇళ్లు ఏ జాబితాలోకీ ఎక్కవు. వాటిని ఉంచడమో తీసేయడమో ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి. అంటే మీ విషయంలో మీరు నలుగురూ.

నలుగురు అన్నాను, గమనించండి. మీ ఉత్తరంలో ముగ్గురే మాట్లాడుతున్నారు.

మీరు స్తంభాల గురించి ఒక పేజీ నిండా రాశారు. సింహద్వారం మీది చెక్కడం గురించి రాశారు, అటక మీది గంగాళాల గురించి రాశారు. మధ్యలో ఒకచోట, "గత ఆషాఢంలో అమ్మ మండువా మెట్టు మీద జారి పడి తుంటికి దెబ్బ తగిలింది, నెల రోజులు మంచం మీదే ఉంది" అని ఒక్క వాక్యం రాసి ముందుకి వెళ్లిపోయారు. స్నానాలగది పెరట్లో ఉందనీ, రాత్రిళ్లు అమ్మని లేపి మీరే తీసుకెళతారనీ ఇంకోచోట ఉంది. మీరు తల్లిని పట్టించుకోవడం లేదని అనను. మీ అన్నదమ్ములిద్దరికంటే ఎక్కువ చూసుకుంటున్నది మీరే. కానీ ఆ ఇంటిని మీరు పెరిగిన పిల్లగా చూస్తున్నారు. పదిహేడేళ్ల వయసులో కోడలిగా వచ్చిన మనిషికి అదే ఇల్లు ఇంకోలా ఉంటుంది. పుష్కరాలకి అరుగుల నిండా మనుషులు పడుకున్న సంగతి మీకు పండగ. వాళ్లకి తెల్లారేసరికి కాఫీలు కలిపింది, మడి కట్టుకుని వండింది, నూతిలోంచి నీళ్లు తోడింది ఎవరు? ఆ మండువా పేడతో అలికించి ముగ్గులు పెట్టింది ఎవరు? ఆవిడకి ఆ ఇల్లంటే ప్రాణం కావచ్చు. చాకిరీ కావచ్చు. రెండూ కావచ్చు. మనకి తెలియదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

'మీ ఇష్టం' అన్నారుగా అంటారేమో. పిల్లలు ముగ్గురూ తగువు పడుతుంటే ఏ తల్లయినా ఆ మాటే అంటుంది. ఏ పక్షం పలికినా ఒక బిడ్డ దూరమవుతాడన్న భయం. అందుకని అన్నదమ్ములు ఫోన్లో ఉండగా అడగకండి. ఇల్లు ఇద్దామా వద్దా అని కూడా అడగకండి. ఒక రాత్రి పక్కన పడుకున్నప్పుడు చిన్న చిన్నవి అడగండి. పొద్దున్నే లేచి ఎక్కడ కూచుంటే నీకు హాయి? ఎదురింటి పిన్నిగారు కనబడకపోతే తోచదా? మెట్లు లేని ఇల్లయితే బాగుంటుందా? నాన్న పోయిన గదిలో నీకెలా ఉంటుంది? రెండేళ్లు అద్దెకొంపలో ఉండాల్సి వస్తే ఉండగలవా? ఈ చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. ఇంత గొడవలోనూ మీలో ఎవరూ ఆ రెండేళ్ల గురించి అనుకున్నట్టు లేదు. బిల్డరు రెండేళ్లంటే అది మూడో ఏటికి పాకడం మామూలే. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి పాత ఇల్లూ లేక, కొత్త ఫ్లాటూ రాక, తెలియని వీధిలో గడిచే ఆ కాలమే అసలు ప్రమాదం. మీ ఫ్లాట్లో ఉంచుకుంటారా? దానికి మీ ఇంట్లో సమ్మతమేనా? ముందు అది తేలాలి.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకుని మాట్లాడితే మీకు ధైర్యంగా ఉంటుంది. తండ్రికి వీలునామా ద్వారా వచ్చిన ఇల్లు, ఆయన వీలునామా లేకుండా పోయారు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికీ, మీ ముగ్గురికీ తలా పావు వాటా. మీ వదినగారు అన్నట్టు పెంచుకోడానికీ, ఇంకొకరు తగ్గించడానికీ అందులో ఏమీ లేదు. ఒకప్పుడు ఇలాంటి కాపురపు ఇంట్లో మగపిల్లలు పంచుకుందామనుకుంటే తప్ప ఆడపిల్ల పంపకం అడగడానికి వీలుండేది కాదు. 2005 సవరణలో ఆ సెక్షను ఎత్తేశారు. మీ సంతకం లేకుండా మొత్తం స్థలాన్ని బిల్డరుకి ఇవ్వడం కుదరదు. ఇది మీ బలం.

ఆ బలానికి హద్దుంది. మీరు ససేమిరా అన్నారనుకోండి. అన్నదమ్ములిద్దరూ పంపకాల దావా వేయవచ్చు. ఒక మండువా ఇంటిని నాలుగు ముక్కలు కోయడం జరిగే పని కాదు. అలాంటప్పుడు సగం, లేదా అంతకుపైన వాటా ఉన్నవాళ్లు కోరితే, అమ్మి డబ్బు పంచమని కోర్టు ఆదేశించవచ్చు. మీ అన్నదమ్ములిద్దరి వాటా కలిపితే సరిగ్గా సగం. వాళ్ల వాటాలు మీరే కొంటామని అడిగే హక్కు అప్పుడు కూడా మీకుంటుంది, కానీ కోర్టు దాకా వస్తే ఏళ్లు గడుస్తాయి. ఆ ఏళ్లలో పెంకు తిరగేయించే నాథుడుండడు. కోతులు తొక్కిన చోటల్లా నీళ్లు దిగుతాయి. దూలాలకి చెదలు పడతాయి. ఇల్లు నిలబెట్టడానికి మీరు వేసిన అడ్డే దాన్ని పడగొట్టవచ్చు. వాయిదాకి రమ్మని అమ్మగారికి సమన్లు కూడా వస్తాయి. ఊరికే సంతకం ఆపి కూచోవడం అన్నది నాకు అన్నిటికంటే నచ్చని దారి, అందుకే.

ఇల్లు ఉండి తీరాలని మీకు నిజంగా ఉంటే, దానికి వెల మీరు కట్టడానికి సిద్ధపడాలి. అన్నదమ్ముల రెండు వాటాలూ మీరు కొనుక్కోవచ్చు. వారసుల్లో ఒకరు తమ వాటా అమ్మదలిస్తే కొనుక్కునే మొదటి హక్కు మిగతా వారసులదే అని అదే చట్టం చెబుతోంది. ఫ్లాటు అమ్మి, అప్పు చేసి, మీవారితో సహా ఆ ఇంట్లోకి మారి, ఏటేటా మరమ్మతులు భరించగలరా? పెరటి స్నానాలగదిని లోపలికి తెచ్చి, మండువా మెట్లకి పట్టుకోడానికి కమ్మీలు పెట్టించి, అమ్మగారికి అనువుగా మార్చగలరా? కోనసీమ వైపు కొన్ని పాత లోగిళ్లని యాత్రికులకి బసలుగా నడుపుతున్నారు. 2027లో మళ్లీ పుష్కరాలు. ఆదాయం రాదని అనను. కానీ పన్నెండు రోజుల పుష్కరాలు పన్నెండేళ్ల ఖర్చుని పూడ్చవు. ఉద్యోగం చేసుకుంటూ బస నడపడం మాటలు కాదు. పుదుచ్చేరిలో వైశ్యాల్ వీధి పాత ఇళ్లు నిలిచాయంటే ఒక సంస్థ, ప్రభుత్వం, ఇంటివాళ్లు కలిసి వీధి వీధంతా బాగుచేసుకున్నారు. మీ వీధిలో మిగిలినవి రెండే ఇళ్లు. మీవారితో, కూతురితో కూచుని అంకెలు వేసుకోండి. కుదిరితే ఇంతకంటే సంతోషం నాకు లేదు. కుదరదని తేలితే, ఆ నిజం అన్నయ్యతో పోట్లాడి తెలుసుకోవడం కంటే మీ అంతట మీరు తెలుసుకోవడం మేలు.

ఇంకో దారి, ఆగడం. అమ్మ ఉన్నంతకాలం ఇల్లు కదపకూడదని నలుగురూ కాగితం రాసుకుని, మరమ్మతు ఖర్చు పంచుకోవడం. అమ్మగారు ఇక్కడే ఉంటానంటే నేను దీన్నే గట్టిగా చెబుతాను. అయితే ఇప్పటిదాకా రిపేర్ల డబ్బు వాళ్లిద్దరే పెట్టారు. ఆగుదాం అనే మనిషి ఆ ఖర్చులో ముందుగా తన పావు లెక్కకట్టి ఇవ్వాలి. నిరుటి రెండు లక్షల్లో మీ వంతు ఈ నెలే పంపితే, మీ అన్నయ్య మీ మాట వినే తీరు మారుతుంది. ఈ దారిలోనూ నష్టం లేకపోలేదు. ఈ బిల్డరు వెళ్లిపోవచ్చు. తర్వాత వచ్చేవాడు ఇంత మంచి లెక్క ఇవ్వకపోవచ్చు. తమ్ముడి కోపం వెంటనే చల్లారకపోవచ్చు. పైగా అమ్మ ఉన్నంతకాలం అన్న మాట వినసొంపుగా ఉండదు. ఐదేళ్లు అని గడువు పెట్టుకుంటే ఎవరి నోటా ఆ మాట రాదు.

అమ్మగారు లిఫ్టూ, పక్కనే బాత్రూమూ ఉన్న ఇల్లే నయమంటే? అప్పుడు మీరు ఒప్పుకోవాలని నా అభిప్రాయం. ఒప్పుకుంటూ, ఒప్పందంలో ఏముండాలో నలుగురిలో మీరే దగ్గరుండి చూడాలి. ఊళ్లో ఉన్నది మీరే కదా. మీ స్థలం 560 గజాలంటే 500 చదరపు మీటర్ల లోపే. ఎనిమిది ఫ్లాట్లు దాటడం లేదు. కాబట్టి ఈ కట్టడానికి రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద నమోదు తప్పనిసరి కాదు. అంటే ఆ చట్టం ఇచ్చే రక్షణ మీద ఆశ పెట్టుకోకూడదు, ఏ రక్షణ కావాలన్నా ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఎవరికి ఏ అంతస్తులో ఏ ఫ్లాటో, అమ్మగారిది ఆవిడ పేరనే ఉండేలా. కట్టే కాలానికి అద్దె బిల్డరే ఇచ్చేలా, గడువు దాటితే నెలకి ఇంతని కట్టేలా. డెవలప్‌మెంట్ అగ్రిమెంటుతో పాటు, మీ తరఫున బిల్డరే వ్యవహరించేందుకు అధికారమిచ్చే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కూడా రాయించుకుంటారు. ఒకసారి రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. బిల్డరు తెచ్చిన ప్లీడరు కాకుండా మీ తరఫున ఒకరికి చదివించండి.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. ఇల్లు కొట్టగా వచ్చే సామాను ఎవరిదో ముందే రాసుకోరు. కూల్చే కాంట్రాక్టరు స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు, పెంకు, ఇటుక అన్నిటికీ కలిపి ఒక రేటు మాట్లాడుకుని లారీలకెక్కించేస్తాడు. పాత టేకుకి ఇప్పుడున్న గిరాకీకి అది తక్కువ సొమ్ము కాదు. మీ తాతగారి ఎనిమిది స్తంభాలు ఏ రిసార్టు వరండాలోనో తేలతాయి. కలప మొత్తం కుటుంబానిదే అని ఒక్క వాక్యం రాయించండి. స్తంభాలు కింద పార్కింగులో కాకుండా లోపలికొచ్చే చోట నిలబెట్టమని ప్లానులోనే అడగండి. సింహద్వారం అమ్మగారి ఫ్లాటుకి పెట్టించవచ్చు. కొలతలు పెద్దవి కాబట్టి గోడ కట్టకముందే బిల్డరుకి చెప్పాలి. జేసీబీ రాకముందు వడ్రంగిని పెట్టి చేత్తో విప్పించండి. ఆ ఇళ్ల కొయ్య పని చాలామటుకు కుసులు వేసి, అంటే ఒక కొయ్య కొసని ఇంకో కొయ్య తొర్రలో దూర్చి, బిగించినది, జాగ్రత్తగా విప్పితే విరగదు.

ఏ దారిన వెళ్లినా ఒక పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఆర్కిటెక్చరు చదివే పిల్లలు పాత కట్టడాలని అంగుళం అంగుళం కొలిచి పటాలు గీయడం వాళ్ల చదువులో భాగం. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. ఒక ఉత్తరం రాసి చూడండి. లేదా మీ అమ్మాయి ఇంజనీరింగే కదా, ఇద్దరు స్నేహితుల్ని, ఒక టేపునీ పట్టుకుని రమ్మనండి. గదికో రోజు చొప్పున అమ్మగారిని కూచోబెట్టి ఫోన్లో రికార్డు చేయండి. ఏ మూల ఎవరు పురుడు పోసుకున్నారు, ఏ గూట్లో ఏ దేవుడుండేవాడు, వరదల్లో ఎవరెవరు వచ్చారు, పెట్టుపోతల్లో ఎవరికి కోపమొచ్చింది. పక్కింటి వంటగది గోడ మీద మీరు చూసిన సున్నపు చుక్కల్లాంటివి మీ ఇంట్లో ఎక్కడున్నాయో ఆవిడకే తెలుసు. ఆ మాటల మధ్యలోనే, మీరు అడగకుండానే, ఆవిడ ఇష్టమేమిటో కూడా బయటికొస్తుందని నా నమ్మకం.

తమ్ముడికి ముందుగా మీరే రాయండి. సంతకం మాట ఎత్తకండి. "రిపేరు ఖర్చులో నా పావు పంపుతున్నాను. అమ్మతో ఒక నెల మాట్లాడి, తను ఏమందో ఉన్నదున్నట్టు మీ ఇద్దరికీ చెబుతాను. నాకు నచ్చినా నచ్చకపోయినా తన మాటే నా మాట. అప్పటిదాకా బిల్డరుకి ఏమీ చెప్పకండి" అని రాస్తే చాలు. నెల తర్వాత నలుగురూ ఒకేసారి ఫోన్లో కలవండి, అమ్మగారిని మధ్యలో కూచోబెట్టుకుని. ఆ ఫోనుకి ముందు ప్లీడరుగారి దగ్గర ఒక గంట కూచుని, మీ వాటాల కాగితాలు, తాతగారి వీలునామా, నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం సరిగ్గా ఉన్నాయో లేదో చూపించుకోండి. ఉంచినా, ఇచ్చినా ఆ నాలుగూ కావాలి.